నోరు జారిన తలాక్: ఏ మాటకు నికాహ్ తెగుతుంది, ఏ మాటకు తెగదు

2006లో పశ్చిమ బెంగాల్‌లోని ఒక గ్రామంలో ఒక భర్త నిద్రలో మూడుసార్లు తలాక్ అని పలికాడనీ, ఆ సంగతి భార్య నోట స్నేహితురాళ్లకూ, వారి ద్వారా ఊరి పెద్దలకూ చేరిందనీ, ఆ పెద్దలు దంపతులిద్దరినీ విడిపొమ్మని ఆదేశించారనీ పత్రికలు రాశాయి. అంతకు మూడేళ్ల ముందు ఒడిశాలోని భద్రక్‌లో మరో భర్త తాగిన మత్తులో మూడు తలాక్‌లు చెప్పి, తరువాత పశ్చాత్తాపపడ్డాడు. దంపతులు కలిసి బతకాలనుకున్నా చుట్టుపక్కల వారు సాగనివ్వకపోవడంతో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వారిని బలవంతంగా విడదీసే అధికారం ఎవరికీ లేదని 2006లో ఆ కోర్టు చెప్పవలసి వచ్చింది. బయటి వారికి ఈ రెండూ ఒకే కథలా కనిపిస్తాయి. ఇస్లామీయ ధర్మశాస్త్రమైన ఫిఖ్హ్ దృష్టిలో మాత్రం ఇవి రెండూ పూర్తిగా వేరు. నిద్రపోతున్నవాడు మేల్కొనే దాకా, పసివాడు యుక్తవయసుకు వచ్చే దాకా, మతి తప్పినవాడికి స్వస్థత చిక్కే దాకా వారి మీద లెక్క ఉండదన్న హదీసు, అంటే ప్రవక్త మాటగా నమోదైనది, ప్రసిద్ధం కనుక నిద్రలో పలికిన తలాక్ ఏ మజ్‌హబ్‌లోనూ, అంటే ఏ ధర్మశాస్త్ర మార్గంలోనూ, చెల్లదు. తాగినవాడి తలాక్ మీద మాత్రం వెయ్యేళ్లకు పైగా వాదం నడుస్తూనే ఉంది. ఊరి పెద్దలు ఈ తేడా చూడలేదు. మాట వినిపించింది కాబట్టి బంధం తెగింది అన్న ఒకే సూత్రాన్ని రెండు చోట్లా ప్రయోగించారు.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో నమ్మకం కూడా జనంలో బలంగా ఉంది. కోపంలో అన్నదానికి విలువ లేదనీ, నవ్వులాటకు అన్నది లెక్కలోకి రాదనీ, మనసులో లేకుండా నోటితో అంటే ఏమీ కాదనీ చాలామంది ధైర్యంగా ఉంటారు. ఇదీ నిజం కాదు. తలాక్ విషయంలో ఫిఖ్హ్ అడిగే ప్రశ్నలకు ఒక వరుస ఉంది: మాట నిజంగా నోటి నుంచి వచ్చిందా, వస్తే ఏ మాట, ఎవరిని ఉద్దేశించి, ఏ స్థితిలో, ఏ సంకల్పంతో, ఎన్నిసార్లు. ఈ వరుసలో చివరిదైన సంఖ్యే అన్నిటికన్నా ఎక్కువ కాపురాలను కూల్చిందని నా అభిప్రాయం. నోరు జారడం ఎప్పుడూ ఉండేదే. జారిన మాటను దిద్దుకోవడానికి ధర్మశాస్త్రంలో ఉన్న వ్యవధిని మూడు తలాక్‌ల అలవాటు మింగేసింది.

ఆ వ్యవధి ఏమిటో ముందు చూడాలి. కాపురం చేసిన భార్యకు భర్త స్పష్టమైన మాటతో ఒక తలాక్ ఇస్తే నికాహ్ ఆ క్షణంలోనే ముగిసిపోదు. ఇద్దత్ అనే గడువు మొదలవుతుంది. ఖురాన్ రెండవ అధ్యాయం 228వ వాక్యం ప్రకారం అది మూడు రుతుచక్రాల కాలం, గర్భవతికి అరవై అయిదవ అధ్యాయం 4వ వాక్యం ప్రకారం ప్రసవం దాకా. ఈ గడువులో భార్య అదే ఇంట్లో ఉంటుంది, ఖర్చు భర్తదే, ఆమెను తిరిగి స్వీకరించే హక్కు అతనికి ఉంటుంది. దానికి కొత్త నికాహ్ గానీ, భర్త భార్యకు ఇచ్చే పెళ్లి ధనమైన మెహర్ కొత్తగా గానీ అక్కర్లేదు. తిరిగి స్వీకరిస్తున్నానన్న ఒక మాట చాలు, నాలుగు సున్నీ మార్గాల్లో ఒకటైన హనఫీ మార్గం వారి దృష్టిలో దాంపత్యం కొనసాగించినా చాలు. గడువు దాటిపోయినా ఇద్దరూ ఇష్టపడితే కొత్త మెహర్‌తో మళ్లీ నికాహ్ చేసుకోవచ్చు. ఇలా తిరిగి కలిసే అవకాశం రెండుసార్లే అని 229వ వాక్యం పరిమితి పెట్టింది. మూడో తలాక్ తరువాత ఆమె వేరొకరిని నిజంగా పెళ్లాడి, ఆ పెళ్లీ సహజంగా ముగిస్తే తప్ప మొదటి భర్తతో నికాహ్ కుదరదని 230వ వాక్యం చెబుతుంది. అంటే ఒక్క తలాక్ నోరు జారి వచ్చినా, అది చెల్లినా, దాన్ని సరిచేసుకోవడానికి దాదాపు మూడు నెలల సమయం ఉంటుంది. దానితో ఒక అవకాశం ఖర్చయిపోతుంది, అంతే. అయితే నికాహ్ జరిగి ఇంకా కాపురానికి వెళ్లని దంపతులకు ఈ సౌలభ్యం లేదు. వారికి ఇద్దత్ లేదని ముప్పై మూడవ అధ్యాయం 49వ వాక్యం చెబుతుంది కనుక ఒక్క మాటతోనే బంధం ముగుస్తుంది. నిశ్చితార్థంతో పాటే నికాహ్ చదివించి, అప్పగింతలను ఏడాదికో రెండేళ్లకో వాయిదా వేసుకునే కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆ మధ్యకాలంలో ఫోన్‌లో జరిగే తగాదాలకు కొదవ ఉండదు.

ఇక మాట సంగతి. శాస్త్రకారులు తలాక్ మాటలను రెండు రకాలుగా విడదీశారు. ఆ అర్థం తప్ప మరొకటి రాని మాట సరీహ్, అంటే స్పష్టమైనది. విడాకుల అర్థంతో పాటు వేరే అర్థమూ వచ్చే మాట కినాయా, అంటే గూఢమైనది. స్పష్టమైన మాటకు సంకల్పం ఏమిటని అడగరు, గూఢమైన మాటకు తప్పక అడుగుతారు. ఈ భేదానికి హదీసుల్లో ఉన్న జంట ఉదాహరణ కన్నా మంచి వివరణ దొరకదు. క్రీ.శ. 630లో తబూక్ దండయాత్రకు వెళ్లకుండా మదీనాలో ఉండిపోయిన కఅబ్ ఇబ్న్ మాలిక్‌ను సమాజం యాభై రోజులు వెలివేసింది. నలభయ్యో రోజున భార్యకు దూరంగా ఉండమన్న ఆదేశం వచ్చింది. ఆమెకు తలాక్ ఇవ్వాలా అని కఅబ్ అడిగితే, అక్కర్లేదు, దూరంగా ఉంటే చాలని జవాబు వచ్చింది. అప్పుడాయన భార్యతో పుట్టింటికి వెళ్లి దేవుడి నిర్ణయం వచ్చే దాకా అక్కడే ఉండమన్నాడు. అది తలాక్ కాలేదు. యాభై రోజుల తరువాత వారి కాపురం యథాతథంగా సాగింది. మరో సందర్భంలో, నికాహ్ జరిగిన తరువాత తన నుంచి శరణు కోరిన ఒక స్త్రీతో ప్రవక్త ముహమ్మద్ కూడా పుట్టింటికి వెళ్లమనే అన్నారు. అది తలాక్‌గానే పరిగణించబడింది. రెండూ బుఖారీ హదీసు సంకలనంలో ఉన్నాయి. పలుకు ఒకటే అయినా సంకల్పం వేరు కనుక ఫలితమూ వేరయింది.

తెలుగు ఇళ్లలో కోపంలో వచ్చే మాటలన్నీ దాదాపు ఈ గూఢమైన కోవలోనివే. మీ పుట్టింటికి పో, నీకూ నాకూ తెగిపోయింది, నీ దారి నువ్వు చూసుకో, ఇక నువ్వు నాకేమీ కావు: వీటిలో దేన్ని అన్నా, విడాకుల సంకల్పం లేకుండా అంటే ఏమీ కాదు. ఆ సంకల్పం ఉందా లేదా అన్నది చెప్పవలసింది అన్న మనిషే, అవసరమైతే ప్రమాణం చేసి. నువ్వు నాకు అక్కర్లేదు అన్న మాటను హనఫీ గ్రంథాలు ఇంకా కింది మెట్టులో పెట్టాయి. దాన్ని తలాక్ ఉద్దేశంతోనే అన్నా తలాక్ కాదు, ఎందుకంటే ఆ వాక్యంలో విడదీసే అర్థమే లేదు. విడాకులిస్తాను అనడం భవిష్యత్తు గురించిన బెదిరింపు, తలాక్ కాదు. విడాకులు కావాలా అనడం ప్రశ్న, అదీ కాదు. విడాకులు ఇచ్చేశాను అంటే మాత్రం తలాక్ అన్న అరబ్బీ పదం వాడలేదన్న సాకు పనికిరాదు, అది స్పష్టమైన మాటే.

మధ్యలో నిలిచేది వదిలేశాను అన్న మాట. పాత హనఫీ గ్రంథాల్లో దీనికి దగ్గరి చర్చ ఉంది. వదిలిపెట్టానని చెప్పే అరబ్బీ పదం మొదట గూఢమైనదే అయినా, దానికి సమానమైన రిహా కర్దమ్ అన్న మాటను పారశీకులు తలాక్‌కే వాడుతూ వచ్చారు కనుక వారి విషయంలో అది స్పష్టమైన మాట అయిపోయిందని పంతొమ్మిదవ శతాబ్దపు డమాస్కస్ పండితుడు ఇబ్న్ ఆబిదీన్ వివరించాడు. ఉర్దూలో భార్యను ఉద్దేశించి ఛోడ్ దియా అనడాన్ని మన దేశంలో ఫత్వాలనే ధార్మిక అభిప్రాయాలు చెప్పే ముఫ్తీలలో ఎక్కువమంది అలాగే స్పష్టమైన మాటగా తీసుకుంటారు. కనుక తెలుగు మాత్రమే మాట్లాడే దూదేకుల ఇంట్లో ఒక భర్త భార్యతో వదిలేశాను అన్నప్పుడు, ఆ ప్రాంతంలో, ఆ కుటుంబాల్లో ఆ మాట దేనికి వాడుతున్నారో విచారించకుండా నిఘంటువు చూసి ఫత్వా ఇవ్వడం కుదరదు. వాడుకే ఇక్కడ ప్రమాణం.

హనఫీ మార్గంలో మరో మలుపు ఉంది, అది చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. స్పష్టమైన మాటతో ఇచ్చిన ఒక తలాక్‌లో ఇద్దత్ లోపల తిరిగి స్వీకరించవచ్చు కదా. గూఢమైన మాటను సంకల్పంతో అంటే, కొన్ని మినహాయింపులు పోను, బంధం వెంటనే ముగిసిపోతుంది. కలవాలంటే ఇద్దరి అంగీకారంతో కొత్త నికాహ్ కావాలి. డొంకతిరుగుడుగా అన్నాను కదా, తేలికగా పోతుందిలే అనుకున్నవాడికే ఎక్కువ నష్టం. పైగా భార్య తలాక్ అడుగుతున్న సంభాషణ మధ్యలో భర్త సరే పో అన్న ధోరణిలో జవాబిస్తే, తనకు ఆ సంకల్పం లేదని తరువాత చెప్పినా కొన్ని మాటల విషయంలో హనఫీ న్యాయమూర్తి నమ్మడు, సందర్భమే సంకల్పానికి సాక్ష్యం అంటాడు. మరో సున్నీ మార్గం వారైన షాఫయీలు దీన్ని ఒప్పుకోరు. గూఢమైన మాటకు ఏ సందర్భంలోనైనా సంకల్పం ఉండి తీరాలన్నది వారి పట్టుదల. తెలుగు నేల మీద సున్నీలలో అత్యధికులు హనఫీలే అయినా హైదరాబాద్ బార్కస్‌లో హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు కుటుంబాలు షాఫయీ మార్గాన్ని అనుసరిస్తాయి. కనుక ఒకే నగరంలో, ఒకే మాటకు, ఇరుగుపొరుగు ఇళ్లలో వేర్వేరు జవాబులు రావడం వింత కాదు.

నవ్వులాట విషయంలో నాలుగు సున్నీ మార్గాల మధ్య పెద్ద తేడా లేదు. నికాహ్, తలాక్, తలాక్ ఇచ్చిన భార్యను తిరిగి స్వీకరించడం అనే మూడింటిలో నిజంగా అన్నా సరదాకు అన్నా ఒకటేనన్న హదీసును అబూ దావూద్, తిర్మిజీ, ఇబ్న్ మాజా నమోదు చేశారు. స్పష్టమైన మాటను తెలిసి పలికినవాడు ఫలితం కోరలేదని చెప్పి తప్పించుకోలేడు. తలాక్ ఇచ్చి, వేళాకోళానికి అన్నానని తప్పుకునే వారి గురించే దేవుడి వాక్యాలను పరిహాసానికి వాడకండన్న రెండవ అధ్యాయం 231వ వాక్యపు హెచ్చరిక వచ్చిందని వ్యాఖ్యాతలు చెబుతారు. స్నేహితుల మధ్య హాస్యానికి వీడియో తీయడం, పందెం కాసి భార్యకు ఫోన్ చేయడం లాంటి చేష్టలు ఈ నియమం కిందికే వస్తాయి. ఆ హాస్యంలో భార్యకు ఏ పాత్రా ఉండదు, ఫలితంలో మాత్రం ఆమెకే పెద్ద వాటా. దాన్ని అడ్డుకోవడానికే ఇంత కఠినమైన నియమం పెట్టారని నాకనిపిస్తుంది.

అయితే తెలిసి పలకడానికీ, పొరపాటున నోట రావడానికీ మధ్య గీత ఉంది. ధర్మశాస్త్రం బోధించే గురువు పాఠంలో భాగంగా నా భార్యకు తలాక్ అన్న ఉదాహరణ చదివితే ఏమీ కాదు. ఒకరి మాటను మరొకరికి చెబుతున్నప్పుడు ఆ వాక్యం పలికినా ఏమీ కాదు. నువ్వు తాహిర్, అంటే శుచిగా ఉన్నావు, అనబోయి తడబడి తాలిఖ్, అంటే తలాక్ పొందినదానివి, అనేసినవాడి సంగతి గ్రంథాల్లో ప్రసిద్ధ ఉదాహరణ. అతనికీ దేవుడికీ మధ్య అది తలాక్ కాదు, కానీ వ్యవహారం న్యాయమూర్తి దాకా వెళితే హనఫీ న్యాయమూర్తి బయటికి వినిపించిన మాటనే చూస్తాడు. అంతరాత్మ తీర్పు ఒకటి, న్యాయస్థానం తీర్పు ఒకటి అన్న ఈ ద్వంద్వం హనఫీ చర్చల్లో అడుగడుగునా కనిపిస్తుంది. భార్య తన చెవులతో విన్నప్పుడు ఆమె కూడా న్యాయమూర్తి లాంటిదేనని, అంటే ఆమె కూడా బయటి మాటనే పట్టుకోవాలని వారు అంటారు. భర్త లోపలి సంకల్పం ఆమెకు కనిపించదు కదా.

కోపం గురించి అడిగేవారే ఎక్కువ, సరళంగా జవాబు చెప్పలేనిదీ అదే. ముద్దుగా ఎవరూ తలాక్ ఇవ్వరు, కోపంలోనే ఇస్తారు. కాబట్టి కోపం ఒక్కటే సాకు అయితే తలాక్ అన్నదే ఉండదని శాస్త్రకారులు మొదటే గమనించారు. పద్నాలుగవ శతాబ్దపు డమాస్కస్ పండితుడు ఇబ్న్ ఖయ్యిమ్ కోపంలో తలాక్ మీదే ఒక ప్రత్యేక గ్రంథం రాసి, కోపాన్ని మూడు స్థాయులుగా విడదీశాడు. ఏమంటున్నాడో తెలిసి, అదే అనాలనుకునే కోపంలో ఇచ్చిన తలాక్ చెల్లుతుంది. ఏమంటున్నాడో తెలియనంతగా స్పృహ తప్పించే కోపంలో చెల్లదు. ఈ రెండింటి మీదా అభిప్రాయభేదం లేదు. మాట తెలుస్తూనే ఉన్నా తనను తాను ఆపుకోలేనిది మధ్య స్థాయి. అందులో చెల్లదన్న వైపే ఆయన మొగ్గాడు. సంకల్పం మూసుకుపోయిన స్థితిలో తలాక్ లేదన్న హదీసు ఆయనకు ఆధారం. ఎక్కువమంది ఒప్పుకోలేదు. హనఫీలలో ఇబ్న్ ఆబిదీన్ ఈ విభజనను ఎత్తిరాస్తూ, మనిషికి ఏమీ తెలియని స్థితి రావలసిన పని లేదని, మాటలూ చేతలూ అదుపు తప్పి గందరగోళంగా మారితే చాలని ఒక మధ్యే మార్గం చెప్పాడు. ఆచరణలో దీని అర్థం ఏమిటంటే, భర్త కోపంగా ఉన్నానని చెప్పడం చాలదు. ఆ సమయంలో అతను ఏం చేశాడు, ఏం విసిరాడు, తరువాత ఏం గుర్తుంది, ఇలాంటి స్థితి అతనికి ముందు వచ్చిందా అన్నవి అడిగి తెలుసుకోవాలి. అన్నమాటలు పూసగుచ్చినట్టు చెప్పగలిగినవాడు ఆ స్థితిలో లేడనే అర్థం.

మత్తు, బలవంతం విషయాల్లో హనఫీలు మిగతా వారి కన్నా కఠినులు. తెలిసి మద్యం తాగినవాడి తలాక్ చెల్లుతుందన్నది ఆ మార్గంలో ప్రధాన అభిప్రాయం. తాగిన పాపం అతనికి రక్షణ కాకూడదన్నది తర్కం. మూడో ఖలీఫా ఉస్మాన్ మాత్రం తాగినవాడికి తలాక్ లేదన్నారని బుఖారీ చెబుతాడు, హనఫీ పండితులలోనే తహావీ, కర్ఖీ అదే పట్టుకున్నారు. భద్రక్ దంపతుల వ్యవహారానికి హనఫీ గ్రంథాల లోపలే వేరే దారి ఉండిందన్నమాట. మెడ మీద కత్తి పెట్టి పలికించిన తలాక్ కూడా చెల్లుతుందని హనఫీలు, చెల్లదని మిగతా మూడు మార్గాలు అంటాయి. బలవంతపు తలాక్ చెల్లదన్న మాట మీద గట్టిగా నిలబడినందుకు మదీనాలో ఇమామ్ మాలిక్‌ను కొరడాలతో కొట్టించారని చరిత్రకారులు రాశారు. బలవంతంగా చేయించిన రాజభక్తి ప్రమాణాలు కూడా ఆ తర్కం ప్రకారం చెల్లకుండా పోతాయన్నది పాలకుల భయం.

షరతు పెట్టడం మరో రకం నిర్లక్ష్యం. మీ అక్క ఇంటికి వెళ్లావంటే తలాక్ అని అన్న భర్తకు తలాక్ ఇవ్వాలన్న ఆలోచనే ఉండదు, వెళ్లకుండా ఆపాలన్నదే ఉద్దేశం. అయినా ఆమె వెళితే తలాక్ పడినట్టేనని నాలుగు మార్గాల ప్రధాన అభిప్రాయం. ఒకసారి పెట్టిన షరతును వెనక్కి తీసుకోవడమూ కుదరదు. ఇబ్న్ ఖయ్యిమ్ గురువైన ఇబ్న్ తైమియ్యా దీన్ని ఒట్టుగా చూశాడు. ఆపడమే ఉద్దేశమైతే ఒట్టు తప్పినందుకు ప్రాయశ్చిత్తం చెల్లిస్తే సరిపోతుందన్నాడు. ఆరు శతాబ్దాల తరువాత ఈజిప్టు 1929 నాటి 25వ చట్టంలో ఆయన వాదనను ఆధునిక శాసనంగా మార్చింది. తాగినవాడి, బలవంతపెట్టబడినవాడి తలాక్ చెల్లదు, ఏదో చేయించడానికో మానిపించడానికో పెట్టిన షరతు తలాక్ కాదు, ఒకేసారి ఎన్ని చెప్పినా ఒకటే లెక్క, గూఢమైన మాటకు సంకల్పం తప్పనిసరి అన్న నాలుగు నియమాలూ ఆ చట్టపు మొదటి నాలుగు నిబంధనలు. నిర్లక్ష్యపు మాటల మీద ఇంత క్లుప్తంగా, ఇంత పూర్తిగా రాసిన శాసనం మరొకటి నేను చూడలేదు. నోటిమాట తలాక్‌ను అసలే గుర్తించకూడదని 2017లో ఈజిప్టు అధ్యక్షుడు సూచించినప్పుడు మాత్రం కైరోలోని అల్ అజ్‌హర్ విద్యాపీఠపు పెద్ద పండితుల మండలి అంగీకరించలేదు.

షియా జాఫరీ మార్గం ఈ చిక్కులన్నిటినీ మొదట్లోనే తెంపేసింది. నిర్ణీతమైన అరబ్బీ వాక్యం, స్పష్టమైన సంకల్పం, భార్య రుతుశుద్ధితో ఉన్న సమయం, నీతిమంతులైన ఇద్దరు సాక్షులు అక్కడే ఉండి వినడం అన్నవన్నీ కుదిరితేనే తలాక్. నవ్వులాటకో, మత్తులోనో, నాలుగు గోడల మధ్య అరుపులోనో వచ్చినది వారి దృష్టిలో ఏమీ కాదు. కుతుబ్‌షాహీల కాలం నుంచి హైదరాబాద్‌లో ఉన్న షియా కుటుంబాల్లో కోపంలో జారిన మాట గురించి ఫత్వా అడగవలసిన అవసరం అరుదుగానే వస్తుంది.

ఇప్పుడు సంఖ్య దగ్గరికి వద్దాం. ప్రవక్త కాలంలోనూ, తొలి ఖలీఫా అబూ బక్ర్ పాలనలోనూ, రెండో ఖలీఫా ఉమర్ పాలనలో మొదటి రెండేళ్లూ ఒకేసారి చెప్పిన మూడు తలాక్‌లు ఒకటిగానే లెక్కించేవారనీ, ప్రజలు నిదానించవలసిన విషయంలో తొందరపడుతున్నారని ఉమర్ వాటిని మూడుగానే అమలు చేశారనీ ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ చెప్పినట్టు, ముస్లిం అన్న పేరుగల పండితుడి హదీసు సంకలనంలో ఉంది. నోటిదురుసుకు శిక్షగా వచ్చిన ఆ నిర్ణయాన్ని నాలుగు మార్గాలూ స్థిర నియమంగా స్వీకరించాయి. ఇబ్న్ తైమియ్యా, తరువాతి కాలంలో ఏ మజ్‌హబ్‌నూ పట్టుకోకుండా నేరుగా హదీసులనే అనుసరించే అహ్లె హదీస్ వారు పాత లెక్కకే తిరిగి వెళ్లారు. శిక్ష భర్తల నోటికి వేయాలనుకుంటే అది భార్యల, పిల్లల బతుకుల మీద పడింది. దానికి మన దేశపు న్యాయచరిత్రలో బాధాకరమైన సాక్ష్యం 1932లో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పిన రషీద్ అహ్మద్ కేసు. 1905లో ఒక భర్త భార్య ఎదుట లేనప్పుడు సాక్షుల ముందు మూడు తలాక్‌లు చెప్పాడు. ఆ తరువాత పదిహేనేళ్లు, అతను చనిపోయే దాకా, ఇద్దరూ కాపురం చేశారు, అయిదుగురు పిల్లలు పుట్టారు. విడిపోవాలన్న ఉద్దేశం అతనికి లేదన్న వాదనను కోర్టు పట్టించుకోలేదు. మాట స్పష్టం, సంకల్పంతో పని లేదు అంది. ఆమె భార్య కాకుండా పోయింది, పిల్లలకు వారసత్వం పోయింది.

స్వతంత్ర భారత న్యాయస్థానాలు ఆ దారి నుంచి క్రమంగా తప్పుకున్నాయి. 1987లోనే తలాక్ ఇచ్చానని ఒక భర్త 1990లో కోర్టుకు సమర్పించిన జవాబులో రాస్తే, కాగితంలో అలా రాసినంత మాత్రాన తలాక్ కాదని 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సహేతుకమైన కారణం ఉండాలి, రెండు వైపుల నుంచీ ఒక్కొక్క మధ్యవర్తితో రాజీ ప్రయత్నం జరిగి విఫలమై ఉండాలి, ఆ తరువాత నిజంగా పలకాలి, పలికినట్టు రుజువు కావాలి అంది. తగాదాలో జారిన మాట ఈ పరీక్షలో దాదాపు ఎప్పుడూ నెగ్గదు. 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ట్రిపుల్ తలాక్‌ను కొట్టివేశారు. 2019 నాటి చట్టం నోటితో అయినా, రాతతో అయినా, ఎలక్ట్రానిక్ రూపంలో అయినా అలాంటి తలాక్ చెల్లదని, చెప్పిన భర్తకు మూడేళ్ల దాకా జైలు ఉంటుందని అంది.

ఆ చట్టంతో తలాక్ అన్నదే రద్దయిందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. తక్షణమే, తిరిగి కలిసే వీలు లేకుండా బంధాన్ని ముగించే తలాక్‌నే అది నిషేధించింది. ఒక తలాక్ చెప్పి ఇద్దత్ గడిచే దాకా ఆగే తలాకె అహ్సన్ నేరం కాదని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2025లో స్పష్టం చేసింది. చట్టపు నిర్వచనంలో మూడు అన్న సంఖ్య కన్నా తక్షణం, తిరుగులేనిది అన్న గుణాలకే బరువు ఉంది కనుక, సంకల్పంతో పలికిన గూఢమైన ఒక్క మాటతో బంధం అప్పటికప్పుడే ముగిసిందని వాదించే భర్త కూడా ఆ నిర్వచనంలో పడే అవకాశం లేకపోలేదని నా అంచనా.

ఇక మాట నోటి నుంచి రానే రాని వారి భయం గురించి. మనసులో తలాక్ అన్న ఆలోచన మెదిలిందనీ, సినిమాలో ఆ సంభాషణ విని పెదవి కదిలిందేమోననీ, భార్యతో సరే అన్నప్పుడు లోపల ఏదో అనుకున్నాననీ కుమిలిపోయేవారు ముఫ్తీల దగ్గరికి తరచూ వస్తారు. దీన్ని వస్వసా అంటారు. మనసులో మెదిలేవాటిని, పలకనంత వరకు, చేయనంత వరకు దేవుడు ఈ సమాజానికి మన్నించాడన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. సందేహంతో నికాహ్ తెగదన్నది అన్ని మార్గాల మూలసూత్రం, ఎందుకంటే నిశ్చయంగా ఉన్నదాన్ని అనుమానం తొలగించలేదు. ఇలాంటి వారికి అనుభవజ్ఞులైన ముఫ్తీలు చెప్పేది ఒకటే: మళ్లీ మళ్లీ అడగడం మానుకోమని. అది తీవ్రంగా ఉంటే మానసిక వైద్యుడిని చూడడం ధర్మానికి విరుద్ధమేమీ కాదు.

మిగిలిన వారు ఎక్కడ అడగాలి అన్నదానికి ఒక హద్దు తెలిసి ఉండాలి. హైదరాబాద్‌లో 1876లో స్థాపించిన జామియా నిజామియా నుంచి వీధి మసీదు ఇమామ్ దాకా ఫత్వా చెప్పేవారు చాలామంది ఉన్నారు, కానీ ముఫ్తీ తనకు రాసి ఇచ్చిన సంగతుల మీదే జవాబిస్తాడు. భర్త తన వైపు నుంచి ఒక కథ, అత్తవారు మరో కథ రాసి ఇస్తే రెండు ఫత్వాలు వస్తాయి, రెండూ సక్రమమే కావచ్చు. అన్న మాట అన్నట్టుగా, ఉన్న భాషలోనే, వెనకాముందూ ఏం జరిగిందో సహా రాయాలి, వీలైతే ఇద్దరూ కలిసి వెళ్లాలి. ఫత్వాకు చట్టపరమైన బలం లేదని, దాన్ని ఎవరి మీదా రుద్దకూడదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది.

వీటన్నిటి తరువాతా ఒక స్త్రీకి మాత్రం చిక్కు తీరదు. మూడు తలాక్‌లూ తన చెవులతో విన్న హనఫీ భార్య, కోర్టు లెక్కలో భార్య, తన విశ్వాసం లెక్కలో కాదు. చట్టం ఆ తలాక్‌ను శూన్యం అంటుంది, ఆమె నేర్చుకున్న ధర్మం న్యాయమూర్తిలా విన్నదాన్నే పట్టుకోమంటుంది. అతనితో కలిసి ఉండడం ఆమె వల్ల కాదు, మరో పెళ్లికి విడాకుల కాగితం ఉండదు. అహ్లె హదీస్ అభిప్రాయాన్ని స్వీకరించి ఆ మూడింటినీ ఒకటిగా ఎంచుకుని కలిసి ఉండడం కొందరు పట్టే దారి. అది ఆమె మనసుకు ఒప్పకపోతే ఖులా, అంటే భార్య కోరి తీసుకునే విడాకులు, ఉంది. భర్త ఒప్పుకుంటేనే ఖులా అన్నది హనఫీ సంప్రదాయం కనుక ఇంతకాలం ఆమె తాళం మళ్లీ అతని చేతిలోనే ఉండేది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు, ఖులా కోరడం ముస్లిం భార్యకు షరతులు లేని హక్కనీ, దానికి భర్త అంగీకారం అక్కర్లేదనీ, ముఫ్తీ ఇచ్చే ఖులానామా సలహా మాత్రమేననీ తీర్పు చెప్పింది. కుటుంబ న్యాయస్థానం రాజీ ప్రయత్నం జరిగిందా, మెహర్ తిరిగి ఇవ్వడానికి ఆమె సిద్ధపడిందా అన్నవి క్లుప్తంగా విచారించి వివాహం ముగిసినట్టు ప్రకటిస్తే చాలు. నోరు జారింది భర్త అయినా మెహర్ వదులుకోవలసింది ఆమే అవుతుంది. ఈ లెక్క సరైనదేనా అన్న ప్రశ్నకు ఆ తీర్పులో గానీ, 2019 చట్టంలో గానీ జవాబు లేదు.